దాక్కున్న పిల్లను వీడియో తీయకండి

విశాఖపట్నం పెదవాల్తేరులో మాది పాత డాబా ఇల్లు. కింది వాటాలో నేను, పై వాటాలో మా అమ్మాయి, అల్లుడు, వాళ్ల పాప పండు. పేరుకే రెండు వాటాలు. వాళ్లిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు కాబట్టి పగలంతా పండు నా దగ్గరే. దానికి నాలుగేళ్లు నిండాయి. ఇనప బీరువాకూ గోడకూ మధ్య జానెడున్నర సందు, దేవుడి గూటి కింద తెర, బియ్యం డబ్బా వెనక మూల, మంచం కింద సూట్‌కేసుల అవతలి చీకటి, వీధి తలుపు వెనక చీపుళ్లు పెట్టే చోటు, ఈ ఇంట్లో ఇవన్నీ దాని సొంత ఆస్తులు. సముద్రం మాకు నడిచి వెళ్లేంత దూరం. ఆ ఉప్పుగాలికి కిటికీ ఊచలూ తలుపుల బందులూ తుప్పు పట్టి ఉంటాయి. ఏ తలుపు కదిపితే కిర్రుమంటుందో, ఏది అనదో నాకన్నా పండుకే బాగా తెలుసు.

దాగుడుమూతలు ఆడేటప్పుడు దాక్కునే పండు వేరు, తిట్లు తిని దాక్కునే పండు వేరు. ఆటలో అయితే కాళ్ల పట్టీలు ఘల్లుమంటూ అది ఎక్కడుందో ఇల్లంతా చాటుతుంటాయి. నేను "ఎక్కడికి పోయిందబ్బా ఈ పిల్ల" అనడం పాపం, తెర వెనక నుంచి "ఇక్కడ లేను!" అని కేక వస్తుంది. మనసు చివుక్కుమన్నప్పుడు ఈ సందడేమీ ఉండదు. మూలకు చేరి, మోకాళ్లు ముడుచుకుని, కుడి చేత్తో కుడి కాలి పట్టీని, ఎడమ చేత్తో ఎడమ కాలి పట్టీని పట్టుకుంటుంది. మువ్వ ఒక్కటీ కదలకుండా, వేళ్ల కణుపులు తెల్లబడేటంత గట్టిగా. ఇంట్లో ఉన్నట్టుండి పట్టీల చప్పుడు ఆగిపోయిందంటే నేను చేతిలో పని పక్కన పెట్టేస్తాను.

ఈ వేసవిలో ఆవకాయ పెట్టాం. పూర్ణా మార్కెట్‌లో పుల్లటి కాయలు ఏరి, అక్కడే కత్తిపీట మీద టెంకతో సహా ముక్కలు కొట్టించి తెచ్చాం. జీడి తీసి, ఒక్కొక్క ముక్కా పొడిగుడ్డతో తుడిచి, ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వుల నూనె పట్టించి జాడీకి ఎత్తి వాసెన కట్టాం. సముద్రపు ఊళ్లో ఆవకాయ పెట్టేవాళ్ల భయం మిగతా ఊళ్ల వాళ్లకు అర్థం కాదు. ఇక్కడ గాలిలోనే చెమ్మ. గరిటె మీద ఒక్క నీటి చుక్క మిగిలినా జాడీలో బూజు తేలుతుంది. మూడో రోజు తిరగ కలుపుదామని మా అమ్మాయి వాసెన విప్పి, ఇంతలో ఫోను మోగితే ముందు గదిలోకి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ పండుతో "భోజనానికి చేతులు కడుక్కుని రా" అని కూడా చెప్పింది. పండు బుద్ధిగా చేతులు కడుక్కుంది. నీళ్లు కారుతున్న ఆ చేతిని మోచేతి దాకా జాడీలోకి దింపి, ముక్క తీసుకుంది.

మా అమ్మాయి తిరిగి వచ్చి చూసి వేసిన కేక పక్కింటికి వినబడే ఉంటుంది. "ఏడాది ఆవకాయ! ఏడాది ఆవకాయ మట్టిపాలు చేశావు కదే!" అని. చెయ్యి ఎత్తింది కూడా, కానీ కొట్టలేదు. పండు ఏడవలేదు. అమ్మ ముఖం వైపు, తన చేతి వైపు, మళ్లీ అమ్మ ముఖం వైపు చూసింది. ముక్క నేల మీద పడింది. మరుక్షణం అక్కడ పండు లేదు. గోడ వెంబడి ఎర్రటి వేళ్ల ముద్రలు మాత్రం బీరువా దాకా వరసగా ఉన్నాయి.

మామూలుగా అయితే ఇలాంటప్పుడు దాన్ని పిలవను. బీరువాకు అవతల పక్కన పీట వేసుకుని చిక్కుళ్లు ఒలుచుకుంటూనో, పేపరు చదువుకుంటూనో కూర్చుంటాను. ఆ రోజు అలా తీరిగ్గా కూర్చునే వీలు లేదు. పిల్ల చేతి నిండా ఆవకాయ కారం. ఆ చెయ్యి కంట్లో పెట్టుకుంటే ఏమిటి గతి? లాగితే పెనుగులాటలో కచ్చితంగా కళ్లు నులుముకుంటుంది. కారం మంట ఉత్త నీళ్లకు తగ్గదు, దాన్ని విడదీసేది కొవ్వు. అందుకని వెడల్పు గిన్నెలో పెరుగు పోసి తెచ్చి, సందు మొదట్లో నేల మీద పెట్టి, లోపలికి చూడకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాను. "చెయ్యి మండుతుంటే ఇందులో పెట్టుకో తల్లీ, చల్లగా ఉంటుంది" అన్నాను. చాలాసేపటికి బీరువా వెనక నుంచి ఒక చిన్న చెయ్యి, భుజం దాకా మాత్రమే, వెనక్కి చాపుకుంటూ వచ్చింది. ముఖం గోడ వైపే ఉంది. వేళ్లు తడుముకుంటూ గిన్నె అంచు పట్టుకుని, పెరుగులోకి దిగి, అక్కడ మెల్లగా ముడుచుకుని విచ్చుకున్నాయి. తెల్లటి పెరుగులో నూనె ఎర్రగా విరిగింది. రెండో చేతిలో పట్టీ అలాగే బిగించి ఉంది.

సరిగ్గా అప్పుడే మా అల్లుడి చెల్లెలు గదిలోకి వచ్చింది. సెలవులకు విజయనగరం నుంచి వచ్చిన పిల్ల, మంచిది, పండంటే ప్రాణం. ఫోను పైకెత్తి "ఏయ్, ఆవకాయ దొంగా! ఇటు చూడవే, నీ చెయ్యి చూడు ఎలా ఉందో!" అంటూ పకపకా నవ్వింది. ఆ నవ్వుకు వంటింట్లోంచి ఇంకెవరో వచ్చి నవ్వారు. గిన్నెలోంచి చెయ్యి తటాలున మాయమైంది. బీరువా వెనక పండు ఇంకా లోపలికి జరిగిన చప్పుడు వినబడింది. అప్పుడు ఏడుపు మొదలైంది. తల్లి కేకకు రాని ఏడుపు ఆ నవ్వులకు వచ్చింది. "అమ్మాయీ, ముందు ఆ ఫోను లోపల పెట్టు" అన్నాను. నా గొంతు మరీ మెత్తగా ఏమీ లేదు. అప్పటికే ఆ వీడియో కుటుంబం వాట్సాప్ గ్రూపులోకి వెళ్లిపోయింది. దాని కింద వరసగా నవ్వు బొమ్మలు.

ఈ నవ్వు గురించి చెప్పాలనే ఇంత రాస్తున్నాను. నేను భీమిలి వైపు ప్రాథమిక బడుల్లో ఒకటో తరగతికి పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. బల్ల కింద దూరిన పిల్లలను, మంచినీళ్ల డ్రమ్ము వెనక నక్కిన పిల్లలను, పలక ముఖానికి అడ్డం పెట్టుకుని ఇక తాను లేనట్టే కూర్చున్న పిల్లలను బోలెడంత మందిని చూశాను. తిట్టిన పంతులమ్మ దగ్గరకు పిల్లవాడు మధ్యాహ్నానికల్లా మళ్లీ వచ్చి కొంగు పట్టుకుంటాడు. వాడు దాక్కున్న చోటును తరగతికంతా చూపించి నవ్వించిన మనిషి దగ్గరకు మాత్రం అంత తొందరగా రాడు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చినప్పుడు అందరూ బెత్తం గురించే మాట్లాడుకున్నారు. ఆ చట్టం 17వ సెక్షన్‌లో శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించారు. నలుగురిలో పిల్లవాణ్ణి నవ్వులపాలు చేయడాన్ని నేనైతే ఆ రెండో దాని కిందే లెక్కవేస్తాను. బడిలో చేయకూడదని చట్టం రాసుకున్న పనిని ఇంట్లో ముద్దు పేరుతో చేస్తున్నాం. పైగా ఇప్పుడు ఫోన్లు వచ్చాయి. మా రోజుల్లో నవ్వేవాళ్లు ఆ గదిలో ఉన్నవాళ్లు, ఆ పూటతో మరిచిపోయేవాళ్లు. ఇప్పుడు హైదరాబాదు పెదనాన్న, బెంగళూరు పిన్ని కూడా నవ్వుతారు. పండుగకు కలిసినప్పుడు "ఏమే ఆవకాయ దొంగా" అని పలకరిస్తారు కూడా.

అలక సంగతి వేరు. అలిగిన పిల్ల మనకు కనబడే చోటే, నడవలో అందరికీ అడ్డంగా కూర్చుంటుంది. ఓరకంట చూస్తూ ఉంటుంది. అలకకు చూసేవాళ్లు కావాలి. మనవాళ్లకు ఇది బాగా తెలుసు కాబట్టే పెళ్లిలో కొత్త అల్లుణ్ణి అలకపాన్పు ఎక్కించి, అడిగింది ఇచ్చి దింపుతారు. కైకేయికైతే అంతఃపురంలో అందుకోసం ఏకంగా కోపగృహమే ఉంది. అలిగినవాళ్లను బతిమాలవచ్చు, ఆట పట్టించవచ్చు, చక్కిలిగిలి పెట్టి నవ్వించవచ్చు. తప్పు చేశానని తెలిసి ముఖం దాచుకున్న పిల్లకు ఇదే మందు వేస్తే వికటిస్తుంది.

మా అల్లుడికి ఒక సందేహం వచ్చింది. "అత్తయ్య గారూ, కాళ్లు బయటికి కనబడుతూనే ఉంటాయి కదా, అయినా దాక్కున్నానని ఎలా అనుకుంటుంది?" అని. 2012లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దగ్గర దగ్గర ఇదే ప్రశ్న పట్టుకున్నారు. మూడు నాలుగేళ్ల పిల్లల కళ్లు కప్పి, ఇప్పుడు నువ్వు నాకు కనిపిస్తున్నావా అని అడిగితే చాలామంది కనిపించను అన్నారు. మరి నీ తల, నీ ఒళ్లు అని అడిగితే, అవి కనిపిస్తాయని వాళ్లే ఒప్పుకున్నారు. చూపూ చూపూ కలిస్తేనే తనను చూసినట్టు ఆ వయసు లెక్క. పండు ముఖం గోడకు తిప్పుకుని కాలి వేళ్లు మనకు వదిలేయడంలో తెలివితక్కువ ఏమీ లేదు. ఒళ్లు కనబడితే దానికి బాధ లేదు. కళ్లలోకి చూడకపోతే చాలు. అందుకే ఆ సందు దగ్గర కూర్చున్నప్పుడు నేను లోపలికి తొంగి చూడను. "నా కళ్లలోకి చూసి చెప్పు" అని గడ్డం పట్టుకుని ముఖం తిప్పే పెద్దవాళ్లు, పిల్ల సరిగ్గా దేన్ని దాచుకుంటోందో దాన్నే లాక్కుంటున్నారు.

అంతకన్నా పాతది, 1993లో అచ్చయిన అమెరికా పరిశోధన ఒకటి ఉంది. రెండేళ్ల పిల్లలకు ఒకావిడ తనకెంతో ఇష్టమైన బొమ్మ అని చెప్పి ఇచ్చి పక్కకు వెళ్లింది. ఆడుతుండగా బొమ్మ కాలు ఊడిపోయేలా ముందే ఏర్పాటు ఉంది. ఆవిడ తిరిగి వచ్చేసరికి కొందరు చూపు తప్పించి దూరం జరిగారు. కొందరు తామే చెప్పి, కాలు అతికించబోయారు. మొదటిది సిగ్గుకు దగ్గర, రెండోది చేసిన తప్పు దిద్దుకోవాలనే బాధకు దగ్గర అని పరిశోధకుల ఆలోచన. చదివినప్పుడు బడిలో చూసిన పిల్లలందరూ గుర్తుకొచ్చారు. నా అనుభవంలో ఈ రెండు రకాలూ ఒకే పిల్లలో ఉంటాయి. కాసేపు వదిలేస్తే మొదటి పిల్ల రెండో పిల్ల అయి బయటికి వస్తుంది. నవ్వితే మొదటి దగ్గరే ఆగిపోతుంది.

పెద్దవాళ్లం మాత్రం దాక్కోమా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడ్డప్పుడు గంటకు 180 కిలోమీటర్ల వేగంతో గాలి వీచిందన్నారు. కైలాసగిరి చెట్లు రాత్రికల్లా బోడి అయిపోయాయి. ముందు గది కిటికీ అద్దాలు పగిలి లోపలికి వచ్చిపడుతుంటే మేమంతా ఎక్కడ ఉన్నామనుకున్నారు? ఇదే బీరువా పక్కన, నడుములోతు పరుపులు అడ్డం పెట్టుకుని, ఒకరి మీద ఒకరం. ఆ ఇరుకులోకి వెళ్లాక మావారు తన జీవితంలో మొదటిసారి నా చెయ్యి నలుగురి ముందు పట్టుకున్నారు. భయం వేసినప్పుడు వీపుకు గోడ తగలాలనిపించడం పండు కనిపెట్టిన విద్య కాదు. మా అల్లుడు కూడా మా అమ్మాయితో మాట పట్టింపు వచ్చిన ప్రతిసారీ "నీళ్ల ట్యాంకు నిండిందేమో చూసి వస్తాను" అంటూ డాబా ఎక్కేస్తాడు. అన్నిసార్లు ఏ ట్యాంకూ నిండదు. అతని వెనకాల ఫోను పట్టుకుని ఎవరూ వెళ్లరు.

ఒక్క విషయంలో మాత్రం నేను కఠినంగా ఉంటాను. తలుపు మూసుకుపోయే చోట దాక్కోవడానికి వీల్లేదు. బీరువా పక్కన సరే, బీరువా లోపల కాదు. ఇనప పెట్టెకు ఎప్పుడూ తాళం ఉంటుంది. వాషింగ్ మెషీన్‌కు పిల్లలు తెరవలేని ఏర్పాటు ఉంటే దాన్ని వాడుకోవాలి, ఊరికే ఇచ్చింది కాదు. స్నానాల గది తలుపుకు కింది గడియ వడ్రంగిని పిలిచి తీయించేశాను. బయట నిలిపిన కారు తాళం వేశామో లేదో ఒకటికి రెండుసార్లు చూస్తాను. ఎండాకాలం మూసిన కారు ఎంత తొందరగా కాగుతుందో అందరికీ తెలుసు. పాతకాలపు ఫ్రిజ్‌లకు బయట గొళ్లెం ఉండేది. దాక్కున్న పిల్లలు లోపలి నుంచి తోసినా తెరుచుకునేది కాదు. అలా ప్రాణాలు పోయాకే అమెరికాలో 1956లో, ఫ్రిజ్ తలుపు లోపలి నుంచి కూడా తెరుచుకోవాలని చట్టం చేశారు. దాక్కునే పిల్లలున్న ఇంట్లో పెద్దవాళ్లు ఓసారి నేల మీద కూర్చుని, ఆ ఎత్తు నుంచి ఇల్లంతా చూసుకోవాలి. పిల్లకు మంచి మూలలు మిగిల్చి, చెడ్డవి మూసేయాలి. "ఇంకెప్పుడూ దాక్కోకు" అని ఒట్టు వేయించుకుంటే మనకు తెలియని చోటు వెతుక్కుంటుంది, అంతే.

ఆ రోజు సంగతి పూర్తి చేస్తాను. వీడియో తీసిన అమ్మాయి నొచ్చుకుంది, గ్రూపులోంచి తీసేసింది. దాన్ని నేను మళ్లీ ఏమీ అనలేదు. ఇంట్లో అందరినీ భోజనాలకు తరిమి, నేనొక్కదాన్నే మళ్లీ గోడకు ఆనుకుని కూర్చున్నాను. పెరుగు గిన్నె మార్చాను. ఏడుపు ఎక్కిళ్లలోకి దిగింది, ఎక్కిళ్లు నిట్టూర్పులయ్యాయి. తరవాత ఘల్లుమని ఒకే ఒక్క మువ్వ వినబడింది. పట్టు వదిలిందన్నమాట.

"అమ్మమ్మా, ఆవకాయ చచ్చిపోయిందా?"

"లేదమ్మా. నీ చెయ్యి తగిలిన ముక్కలు పైవే కదా, వాటిని వేరే గిన్నెలోకి తీసేశాం. అవి ముందు తినేస్తాం. కిందివి బాగానే ఉన్నాయి."

కాసేపు ఆలోచన.

"ఆ గిన్నెలోవి నేనే తినేస్తాను."

"నీకు కారం."

"నెయ్యి వేసుకుంటాను."

వెనక్కి పాక్కుంటూ బయటికి వచ్చింది. గౌను, జుట్టు, ముక్కు, అన్నీ ఆవకాయ, పెరుగు. నేరుగా వంటింట్లోకి వెళ్లి, గూట్లోంచి పొడిగుడ్డ తీసి వాళ్లమ్మ చేతికిచ్చింది. మా అమ్మాయి దాన్ని ఒళ్లోకి లాక్కుని "చేతులు కడుక్కోమన్నది నేనే కదా తల్లీ, తుడుచుకోమని చెప్పనేలేదు" అంది. పండు ఆ మాట నోట్లో వేసుకుని, వారమంతా ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పింది: "అమ్మ తుడుచుకోమని చెప్పనేలేదు." పట్టీల మువ్వల్లో ఇరుక్కున్న ఆవపిండిని మాత్రం పాత బ్రష్షుతో తోమినా తోమినా ఘాటు పోలేదు.

ఈ జూన్‌లో పండు ఎల్‌కేజీలో చేరుతోంది. బడి వాళ్లు ఇచ్చిన ఫారంలో 'పాప గురించి మేము తెలుసుకోవలసిన విషయాలు' అని ఒక గడి ఉంది. అక్కడ ఏమి రాయాలన్న దాని మీద మా ఇంట్లో చిన్న యుద్ధమే నడిచింది. ఏమీ రాయవద్దని మా అమ్మాయి, రాస్తే చేరకముందే పిల్ల మీద ముద్ర పడుతుందని దాని భయం. ఆ భయంలో నిజం లేకపోలేదు, పంతుళ్ల గదిలో అలాంటి ముద్రలు పడటం నేను కళ్లారా చూశాను. కానీ రాయకపోతే, మొదటి వారంలోనే పండు ఏ బల్ల కిందో దూరితే, ఆ పంతులమ్మ ఏమనుకోవాలి? ముప్పై మంది పిల్లల మధ్య ఆవిడకు ఊహించే తీరిక ఎక్కడిది? 'భయపడితే దాక్కుంటుంది' అని అమ్మాయి రాసింది. 'భయం' కొట్టేయించాను. 'మొండి' అనే మాట అల్లుడు సూచించాడు, దాన్ని ఇద్దరం కలిసి కొట్టేశాం. చివరికి ఇలా కుదిరింది: 'మందలిస్తే కాసేపు ఎవరికీ కనబడని చోట కూర్చుంటుంది. పిలవనక్కర్లేదు, నవ్వకుండా ఉంటే తనే వస్తుంది.'

అల్లుడు సంతకం పెట్టడానికి ఫారం చేతిలోకి తీసుకుని, ఆ రెండు ముక్కలూ పైకి చదివి, "అత్తయ్య గారూ, ఇది పండు గురించా, నా గురించా?" అన్నాడు.

మా అమ్మాయి కలం అందిస్తూ, "ముందు సంతకం పెట్టండి. తరవాత ట్యాంకు చూద్దురు గాని" అంది.